మూడు పోర్షన్ల ల్యాప్‌టాప్

మా ఇంటి ల్యాప్‌టాప్‌లో మూడో కాపురం మొదలైంది జూలై నెల రెండో గురువారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు. డైరీలో ఉంది. పక్కనే "వాన లేదు, పిండి పులవలేదు" అని కూడా ఉంది. ఆ రెండూ ఇక్కడ అక్కర్లేదు గానీ, రాసుకున్నది రాసుకున్నట్టు చెప్పడం నా అలవాటు.

కాపురం అంటున్నది ఆపరేటింగ్ సిస్టమ్‌ని. ల్యాప్‌టాప్ మీట నొక్కగానే అన్నిటికంటే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటి చేతా పని చేయించే పెద్ద ప్రోగ్రామ్ అది. మామూలుగా ఒక ల్యాప్‌టాప్‌కి ఒకటే ఉంటుంది. మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒకటి, మనుషులం ముగ్గురం, పట్టుదలలు మూడు. అందుకని మూడు పెట్టుకున్నాం. ఒకసారికి ఒకటే లేస్తుంది. మిగతా రెండూ పడుకుని ఉంటాయి.

మల్కాజ్‌గిరిలో మేము ఇరవై రెండేళ్ళు అద్దెకున్న ఇల్లు మూడు పోర్షన్లది. గేటు ఒకటి, బోరు ఒకటి, బట్టలారేసుకునే డాబా ఒకటి, లోపల ఎవరి పొయ్యి వారిది. ల్యాప్‌టాప్‌లో మూడు సిస్టమ్‌లు ఎలా ఉంటాయని అక్క అడిగినప్పుడు నేను ఆ ఇంటినే గుర్తు చేశాను. ఆమెకు వెంటనే అర్థమైంది. "అయితే డాబా మీద తగువు ఎవరితో?" అని అడిగింది.

అక్కకు డెబ్బై తొమ్మిది. నాకు డెబ్బై నాలుగు. ముప్పై ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను, పెళ్ళి చేసుకోలేదు. బావగారికి ఎనభై రెండు. రైల్లో గార్డుగా ముప్పై నాలుగేళ్ళు చేశారు. మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. ఆయన బోయిగూడలో పుట్టి పెరిగిన మనిషి. అక్క పెళ్ళయి యాభై ఆరేళ్ళయినా ఆయన మాట ఆయనదే, మా మాట మాదే.

ముందు పోర్షన్ అక్కది. అందులో పాత విండోస్. అంత పాతది ఎందుకంటే, తెలుగు అక్షరాలు కొట్టే పాత సాఫ్ట్‌వేర్ అందులో తప్ప ఇంకెందులోనూ లేవదు. ఆ అక్షరాలతో అక్క పద్నాలుగు నెలలుగా ఒక పుస్తకం కొడుతోంది. మా అమ్మ, అమ్మమ్మ, వాళ్ళ ఈడు ఆడవాళ్ళు పిండి విసురుతూ, వడ్లు దంచుతూ, గుడికి నడుస్తూ పాడుకున్న పాటలు. కీర్తనల పుస్తకంలోకి ఎక్కనివి, ఏ పాదిరిగారూ అడగనివి. మొత్తం ఎనభై నాలుగు. కాగితం మీద ఒక్కటీ లేదు. అక్క నోట్లో ఉన్నాయి, అక్కడి నుంచి రెండు వేళ్ళతో నేరుగా ల్యాప్‌టాప్‌లోకి. నవంబరులో మా చర్చి సంఘం కోత పండుగ, ఎవరికి పండింది వారు గంపలో గుడికి తెచ్చి అర్పించేది. ఆనాటికి పుస్తకం అందరి చేతుల్లో ఉండాలి. అలా జరగాలంటే అక్టోబరు చివరి శనివారం సాయంత్రం ఐదులోగా రెజిమెంటల్ బజార్‌లోని ప్రెస్సుకు ఫైలు చేరాలి. ఆ తర్వాత ప్రెస్సు ఆయన క్యాలెండర్ల పనిలో పడితే క్రిస్మస్ దాకా తల ఎత్తడు.

"ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వేయిద్దాంలే" అని బావగారు ఒకసారి అన్నందుకు అక్క చెప్పిన జవాబు కూడా డైరీలో ఉంది. "వచ్చే ఏటికి నాకు ఎన్ని గుర్తుంటాయో నీకు తెలుసా?"

రెండో పోర్షన్ బావగారిది. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన కొత్త విండోస్. ఆయన అందులో చదరంగం ఆడతారు, ఏడాదికోసారి కెమెరా ముందు కూర్చుని పెన్షన్ కోసం బతికే ఉన్నానని చూపిస్తారు.

మూడోది నాది, లినక్స్. మిగతా రెండూ నన్నడగకుండా ఏవేవో చేసుకునేవి. ఒకరోజు సగం పనిలో ఉండగా, అప్‌డేట్ ఉందంటూ దానంతటది ఆరిపోయి మళ్ళీ వెలిగింది. చెప్పింది చేసేది, చెప్పనిది చేయనిది కావాలనుకున్నాను. పెన్‌డ్రైవ్‌లోంచి నేనే పెట్టుకున్నాను. అది చెప్పింది మాత్రమే చేస్తుంది. ఆ సంగతి తర్వాత బాగా తెలిసింది.

ఫ్రిజ్ మీద టైమ్‌టేబుల్ అంటించాను. అక్క తొమ్మిది నుంచి పదకొండు, బావగారు పదకొండు నుంచి పన్నెండున్నర, నేను నాలుగు నుంచి ఐదున్నర. ఆదివారం సాయంత్రం ఆరింటికి అక్క ఫైలు కాపీ తీయడం.

మొదటి తగువు మొదటి వారంలోనే వచ్చింది. మీట నొక్కగానే తెర మీద మూడు పేర్లు కనబడతాయి. పది సెకన్లలో బాణం మీటతో ఎవరి పేరు వారు ఎంచుకోవాలి. లేకపోతే పైన ఉన్నది తెరుచుకుంటుంది. పైన ఉన్నది నాది. బావగారు మీట నొక్కి, కళ్ళజోడు వెతకడానికి వెళ్ళేవారు. కళ్ళజోడు పది సెకన్లలో ఎప్పుడూ దొరకలేదు.

"మళ్ల నీ ఇంట్ల వడ్డ!" అని కేకేసేవారు.

"కళ్ళజోడు పెట్టుకునే మీట నొక్కండి బావగారూ."

"మీట నొక్కినంక గదా కళ్ళజోడు యాదికొచ్చేది!"

పది సెకన్లను ముప్పై చేశాను. తర్వాత నలభై ఐదు. చివరికి అరవై. అప్పటి నుంచి అక్క అల్లరి మొదలైంది. ఈ నిమిషంలో ఒక పాట పల్లవి రెండుసార్లు పాడొచ్చు, పాడి చూపిస్తానంటుంది. ఎంటర్ మీట నొక్కితే ఆగనక్కర్లేదని తొమ్మిదిసార్లు చెప్పాను. పాడటమే బాగుందంది.

రెండోది గడియారం. నేను నా సిస్టమ్ వాడి మూసిన మర్నాడు బావగారు తనది తెరిస్తే టైము ఐదున్నర గంటలు వెనక్కి ఉండేది. నా సిస్టమ్ మిషన్ లోపలి గడియారాన్ని ప్రపంచానికంతా కలిపి ఉండే టైముకు తిప్పిపెట్టి, మనకు ఐదున్నర కలిపి చూపిస్తుంది. ఆయనది లోపల ఎంతుంటే అంతే చూపిస్తుంది. ఈ సంగతి కనిపెట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఇంట్లో ఏ పూటకు ఏది వడ్డించాలో తెలియలేదు. మొదటిరోజు పదకొండు గంటలకు తెర చూసి ఆయన కంగారు పడ్డారు.

"ఇంక ఐదున్నరే అయింది. మీ అక్కచెల్లెండ్లు గింత పొద్దుగాల లేసి ఏం జేస్తున్నరు?"

"పదకొండయింది. బయట ఎండ చూడు" అంది అక్క.

"ఎండ ఎట్లనన్న వస్తది. మిషన్ అబద్ధం జెప్పదు" అని వెళ్ళి మళ్ళీ పడుకున్నారు. ఒంటిగంటకు లేచి, అన్నం కంచం ముందు కూర్చుని, టిఫిన్ ఏదని అడిగారు. ముప్పై నాలుగేళ్ళు గడియారం చూసి పచ్చజెండా ఊపిన మనిషిని ఎండ చూసి నమ్మమంటే ఎలా నమ్ముతారు? పన్నెండో రోజున ఒకే ఒక్క లైను కొట్టి దాన్ని సరిచేశాను. ఆయన తన చేతి గడియారంతో వారం రోజులు పోల్చి చూశాకే ఒప్పుకున్నారు.

ఇక అసలు తప్పు. అది నాది. తేదీ అక్టోబరు చివరి సోమవారం, ప్రెస్సుకు ఇవ్వాల్సిన శనివారానికి ఐదు రోజుల ముందు.

డిస్కు మొత్తం నాలుగు వందల అరవై ఐదు జీబీ. మూడుతో భాగిస్తే నూట యాభై ఐదు, శేషం లేదు. ఇంత చక్కటి లెక్క రోజూ దొరకదు. బావగారిది నూట యాభై ఐదు, నాది నూట యాభై ఐదు. అక్కది మాత్రం నూట యాభై నాలుగు పాయింట్ తొమ్మిది. ఆ తక్కువైన వంద ఎంబీ ఎక్కడ అని చూస్తే, అక్క పోర్షన్‌కి ఎడమ పక్కన చిన్న గది ఒకటి కనిపించింది. పేరు లేదు. అందులో పాట లేదు, ఫొటో లేదు, ఉత్తరం లేదు. నాలుగైదు చిన్న ఫైళ్ళు, ముట్టుకోని సామానులా. మూడు నెలలుగా ఆ పాయింట్ తొమ్మిది నా కంట్లో నలుసులా ఉంది. అక్కకు అన్యాయం జరుగుతోంది కూడాను.

నాలుగూ ఐదుకు ఆ గది తీసేయమని నా లినక్స్‌కి చెప్పాను. నిజంగానేనా అని అడిగింది. అవునన్నాను. దీనివల్ల సిస్టమ్ లేవకపోవచ్చు అంది. ఇలాంటి బెదిరింపులు అది మామూలుగా పెడుతూనే ఉంటుంది, అవునన్నాను. మూడోసారి అడిగింది. పిల్లలు లెక్క తప్పు చేశామేమోనని మూడుసార్లు అడిగితే విసుక్కున్నట్టే విసుక్కుని అవునన్నాను. గది పోయింది. ఆ ఖాళీని అక్క పోర్షన్‌లో కలపమన్నాను. అలా కలపాలంటే అక్క సామాను మొత్తాన్ని ఎడమకి జరపాలి, రెండు గంటలు పడుతుందని చెప్పింది. జరపమని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయి రెండేళ్ళయింది. వైరు తీస్తే ఆరిపోతుంది. బావగారు వాకింగుకి వెళ్ళేముందు ఇల్లంతా తిరిగి, వాడని స్విచ్చులన్నీ ఆపుతారు. అది గార్డు అలవాటు. రైలు వదిలేముందు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసుకున్నట్టు. ల్యాప్‌టాప్ తెర కాసేపు ఎవరూ ముట్టుకోకపోయేసరికి నల్లబడి ఉంది. ఐదు గంటల పది నిమిషాలకు ఆయన ఆ స్విచ్చు కూడా ఆపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

నేను వచ్చి మీట నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి ఒక్క లైను. లేవడానికి తగినదేదీ దొరకలేదని. మూడు పేర్లూ లేవు. అరవై సెకన్లూ లేవు.

ఆరింటికి బావగారు వచ్చారు. నా మొహం చూసి తెర వైపు చూశారు, తెర చూసి స్విచ్చు వైపు చూశారు. అక్క వంటింట్లో ఎనభై నాలుగో పాట పాడుకుంటూ గోంగూర ఒలుస్తోంది. ఆ ఉదయమే నాలుగు పాటలు కొట్టి పుస్తకం ముగించింది.

మర్నాడు ఎనిమిదీ యాభై ఐదుకు, అక్క వంతుకు ఐదు నిమిషాల ముందు, చెప్పేద్దామని వెళ్ళాను. బావగారు నాకంటే ముందే అక్కడ నిలబడి ఉన్నారు.

"నా తప్పే. స్విచ్ బంజేసిన" అన్నారు.

"కాదక్కా, నా తప్పు. గది తీసేశాను."

"స్విచ్ బంజేసినంకనే గదా మిషన్ సచ్చింది!"

"గది తీసేసినప్పుడే చచ్చింది బావగారూ. మీరు ఆపింది శవాన్ని."

అక్క ఇద్దరినీ చూసింది. "ఇద్దరూ కలిసి చేశారా, విడివిడిగా చేశారా?"

"విడివిడిగా" అన్నాం ఇద్దరం.

"కాపీలున్నాయి కదే?"

ఉన్నాయి. మూడు. లెక్కల మనిషిని, ఒక కాపీతో ఊరుకోను. అక్క పోర్షన్‌లో ఒకటి, బావగారి పోర్షన్‌లో ఒకటి, నా పోర్షన్‌లో ఒకటి. ఆ మాట పైకి అంటుండగానే నాకు వినబడింది, మూడూ ఆ పెట్టె లోపలే ఉన్నాయని. అక్కకు కూడా వినబడింది. చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

అక్క పోర్షన్‌లో పాత విండోస్ పెట్టిన ఆవిడ బోయిగూడలో ఉంటుంది. ముందుగదిలో కంప్యూటర్లు బాగుచేస్తుంది, వెనకగదిలో వంట. పప్పు కుక్కర్ కూతలు వింటూ మా ల్యాప్‌టాప్ తెరిచింది. అంతా చెప్పాను, పోర్షన్లతో సహా.

"ఏందీ టీచరమ్మా, గింత చదువుకున్నోళ్ళు గిట్ల జేస్తరా? మీరు తీసేసింది ఖాళీ అర్ర గాదు, గేటు! ఇల్లు ఇల్లే ఉంది, లోపలికి వోయే తొవ్వ లేదు."

"వంద ఎంబీ గేటా?" అన్నాను.

"మీ ఇంటి గేటు ఇల్లంత ఉంటదా?"

ఆవిడ తన పెన్‌డ్రైవ్ గుచ్చింది. తెర వెలిగింది, అయితే మా మూడింటిలో ఏదీ కాదు. ఆ పెన్‌డ్రైవ్‌లోంచే లేచే ఇంకో సిస్టమ్ అట.

బావగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "ఇంకోటా? నాలుగోది?"

"మూడిట్ల దేంట్లకి వోదామన్న తొవ్వ లేదు గదా బాబాయ్. గోడ దుంకి లోపల ఎవలున్నరో సూస్తున్న."

గోడ దూకి చూస్తే బావగారి పోర్షన్ భేషుగ్గా ఉంది. చదరంగం కూడా ఆయన ఓడిపోతున్నచోటే ఆగి ఉంది. నాది బాగుంది. అక్క పోర్షన్ సగం జరిగి, సగం జరక్క, ఏ సామాను ఎక్కడిదో తెలియకుండా కలగాపులగమైంది. దాన్ని అతికించడం తన వల్ల కాదంది. మా రెండిట్లో ఆదివారం సాయంత్రం ఆరూ పదికి తీసిన కాపీ దొరికింది.

"ఎన్ని పాటలున్నాయి?" అని అక్క అడిగింది.

"ఎనభై."

"మిగతా నాలుగూ?"

సోమవారం ఉదయం కొట్టినవి. అక్క పోర్షన్‌లో తప్ప ఎక్కడా లేవు.

గేటు మళ్ళీ కట్టి ల్యాప్‌టాప్ ఇచ్చేసరికి గురువారం మధ్యాహ్నమైంది. పాత విండోస్ మళ్ళీ పెట్టాలంటే దాని డిస్కు వెతకాలి, వారం పడుతుందంది. మాకున్నది రెండు రోజులు. ఆ పాత అక్షరాలు ఇంకెక్కడున్నాయంటే ప్రెస్సులోనే ఉన్నాయి. ప్రెస్సు ఆయన శనివారం మధ్యాహ్నం దాకా తీరిక లేదన్నాడు. ఎనభై పాటలు పెన్‌డ్రైవ్‌లో, నాలుగు పాటలు, ఎలాగూ నోటికి వచ్చినవే కదా అని కాగితం మీద రాయకుండా, అక్క నోట్లోనే పెట్టుకుని, శనివారం మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు ముగ్గురం ప్రెస్సు మెట్లెక్కాం.

ప్రెస్సు ఆయనకు అరవై ఉంటాయి. కళ్ళజోడు నుదుటి మీద ఉంటుంది. అది చూసి బావగారు ఆయన్ని వెంటనే ఇష్టపడ్డారు.

"పరేషాన్ గాకుండ్రమ్మా. మీరు జెప్పుండ్రి, నేను కొడ్తా."

అక్క గొంతు సవరించుకుని పాడింది.

"పాడొద్దమ్మా, ఉత్తగ జెప్పుండ్రి."

ఉత్తగా చెప్పబోయి అక్క మూడో మాట దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగింది. రాగం లేకుండా ఆ మాటలు ఆమె ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం డెబ్బై తొమ్మిదేళ్ళలో రాలేదు. "పాడితేనే వస్తాయి బాబూ" అంది.

"అయితే పాడుండ్రి, జెర నిమ్మళంగ."

ఒక పంక్తి పాడగానే ఆయన చెయ్యెత్తి ఆగమనేవాడు. అక్క ఆగేది. ఆయన కొట్టడం అయ్యాక తర్వాతి పంక్తి అంటే, మధ్యలోంచి ఎత్తుకోవడం ఆమెకు రాదు, పల్లవి నుంచి రావాలి. మొదటి పాట పల్లవి పదిహేడుసార్లు విన్నాం. తొమ్మిదోసారికి కాగితాలు కోసే మిషన్ దగ్గర మనిషి కలిసి పాడటం మొదలుపెట్టాడు. పన్నెండోసారికి శుభలేఖల కోసం వచ్చినవాళ్ళు పనిచూసుకోకుండా కూర్చుండిపోయారు. బావగారు గడియారం చూస్తూ టైము చెబుతున్నారు, స్టేషన్లు చెప్పినట్టు. రెండూ యాభై, మొదటి పాట దాటింది. మూడూ ముప్పై, రెండోది. నాలుగూ పదికి మూడోది.

మిగిలింది ఎనభై నాలుగోది. కోత పండుగకు గంపలతో నడుస్తూ మా అమ్మ పాడిన పాట. గంప దించమ్మా, గంపలో ఏముంది అని పల్లవి. మొదటి చరణంలో ఇద్దరు మోస్తేగానీ కదలని గుమ్మడికాయ. రెండో చరణంలో కోడిపెట్ట, గుడి మెట్టు మీదే గుడ్డు పెడుతుంది. మూడో చరణం మా అమ్మ గంప గురించే. ఆ గంపలో ఏముందంటే...

అక్క ఆగిపోయింది. పల్లవి నుంచి వచ్చింది. గుమ్మడికాయ, కోడిపెట్ట, మళ్ళీ ఆగిపోయింది.

"సోమవారం కొట్టానే" అంది నాతో. "వచ్చింది. ఎంత బాగా వచ్చిందో!"

"పనసకాయ?" అన్నారు బావగారు.

"మా ఊళ్ళో పనస ఎక్కడిది?"

"వడ్లబస్తా గావొచ్చు" అన్నాడు ప్రెస్సు ఆయన.

"గంపలో బస్తా ఎలా పడుతుంది బాబూ?"

"చెరుకుగడలు?" అన్నాడు కాగితాలు కోసే మనిషి.

"నేనూ విన్నాను కదక్కా చిన్నప్పుడు" అని నేను కళ్ళు మూసుకున్నాను. నాకు ఆ నడక గుర్తొచ్చింది. దారిలో నేను లెక్కపెట్టిన తాటిచెట్లు గుర్తొచ్చాయి, ముప్పై ఒకటి. పాట రాలేదు. నేను అప్పుడూ లెక్కే పెడుతున్నాను.

నాలుగూ యాభైకి అక్క ఆరోసారి పల్లవి ఎత్తుకుంది. "ఏదో ఒకటి రాసేద్దాం, మూడు పంక్తులే కదా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెలుస్తుంది" అంది. కోపంగా అనలేదు.

నాలుగూ యాభై ఎనిమిదికి ప్రెస్సు ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "అమ్మా, మూడు లైన్లు సుక్కలు వెడ్తా. జాగ అయితే ఉంటది."

అక్క తల ఊపింది. ఐదుకు ఫైలు మూశారు.

కోత పండుగనాటికి పుస్తకం వచ్చింది. గుళ్ళో అందరూ గంపలు, సంచులు ఒళ్ళో పెట్టుకునే ఎనభై నాలుగో పాట ఎత్తుకున్నారు. గుమ్మడికాయ దాటింది, కోడిపెట్ట దాటింది. మూడో చరణం దగ్గర చుక్కలు వచ్చాయి. ఒక్క క్షణం ఎవరికీ ఏం పాడాలో తోచలేదు. ముందు వరసలో ఒకావిడ తన ఒళ్ళోకి చూసుకుని, ఉన్నదే అందుకుంది, సొరకాయ అని. అంతే, గుడంతా ఎవరి గంపలో ఏముంటే అది పాడటం మొదలుపెట్టారు. నేను పదకొండు రకాలు విన్నాను. అరటిగెల ఇద్దరిది. బావగారి సంచిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే అదే పాడారు, కంపెనీ పేరుతో సహా. నిజంగా కోడిని తెచ్చినావిడ తన వంతు రెండో చరణంలోనే అయిపోయిందని మళ్ళీ పాడింది. పాదిరిగారు చెయ్యెత్తి ఆపబోయి, ఆపలేక, తన చేతిలోని బత్తాయిల పేరు చెప్పి కూర్చున్నారు.

అక్క అందరివీ శ్రద్ధగా వింది. బయటికి వస్తూ నా చెయ్యి పట్టుకుంది. "అన్నీ విన్నానే. అమ్మది వాటిలో లేదు" అంది. మెట్లు దిగేదాకా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో రెండే కాపురాలు. అక్కది ఖాళీగా ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. కాపీలు పెన్‌డ్రైవ్‌లో, బీరువాలో, ఇంకొకటి బోయిగూడ ఆవిడ దగ్గర.

పోయినవి:

వంద ఎంబీ గది ఒకటి. మళ్ళీ కట్టారు.

నూట యాభై నాలుగు పాయింట్ తొమ్మిది జీబీ పోర్షన్ ఒకటి, అందులోని పాత సిస్టమ్, తెలుగు అక్షరాలతో సహా.

బావగారి వాకింగు, ఈ హడావుడిలో ఐదు రోజులు.

పాటలు, పోలేదు.

చరణం ఒకటి. మూడు పంక్తులు.